వాగును శుద్ధి చేసే చదువుకు సొమ్మెవరిస్తారు?

నమస్తే అక్కా. మాది సంగారెడ్డి జిల్లాలో నక్కవాగు ఒడ్డు ఊరు. ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చేసి, ఒక ప్రైవేటు ల్యాబులో నీళ్ల శాంపిళ్లు పరీక్షించే పని చేస్తున్న. వాగు పక్కన మా నాన్నకు రెండెకరాలుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అందులో పంట సరిగ్గా చూడలేదు. అప్పుడప్పుడు ఎవరో వచ్చి మా బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకుపోతరు, మళ్లీ కనిపించరు. పాడైన భూమిని, నీళ్లను బాగుచేసే పని నేర్చుకోవాలని, అందులోనే పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఆ పేరుతో మన దగ్గర ఫెలోషిప్ ఏదీ కనపడలేదు. అమెరికాలో సూపర్‌ఫండ్ అని ఉందట, అక్కడ డబ్బులిచ్చి చదివిస్తరట. కన్సల్టెన్సీ వాళ్లేమో ముందు లోను తీసుకుని ఎంఎస్‌కు పొమ్మంటున్నరు. నాన్న ఆ రెండెకరాలు అమ్మి పంపిస్తనంటున్నడు. ఇంకో మాట. మా ఊరి నీళ్ల మీద థీసిస్ రాసి నేను డాక్టరేట్ తెచ్చుకుంటే, ఆ సీసాల వాళ్లకూ నాకూ తేడా ఏముంటది? మీ చెల్లెలనుకుని చెప్పండి.
— ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

చెల్లీ, ముందు నాన్న సంగతి తేల్చేద్దాం. నీ చదువు కోసం భూమి అమ్మొద్దని ఈ రాత్రికే చెప్పు. ఆ పొలం ఉంచుకోవాలా అమ్ముకోవాలా అన్నది ఆయన ఇష్టం, దాని లెక్కలు దానికున్నాయి. నీ పీహెచ్‌డీని మాత్రం ఆ లెక్కలో కలపొద్దు. ఈ రంగంలో పీహెచ్‌డీకి తీసుకునే గైడ్, మన దేశంలోనైనా బయటైనా, విద్యార్థికి నెలనెలా స్టైపెండ్ దారి చూపించాలి. నువ్వు ఎదురు డబ్బు కట్టాల్సిన పీహెచ్‌డీ అయితే వదిలెయ్. ఎంఎస్ సంగతి వేరు. అమెరికాలో ఎంఎస్‌కు చాలామటుకు మన జేబులోంచే కట్టాలి. పీహెచ్‌డీలో చేరితే మామూలుగా ఫీజు మాఫీ అయి, పైన స్టైపెండ్ వస్తుంది. ఎమ్మెస్సీ ఉన్నదానివి, నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ మాట కన్సల్టెన్సీ చెప్పదు. నువ్వు ఫీజు కట్టే కోర్సులో చేరితేనే వాళ్లకు కమీషన్.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విదేశీ విద్యానిధి ఉంది. 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు, కుటుంబ ఆదాయ పరిమితి చూస్తారు. నీకు అర్హత ఉండి ఎంఎస్ దారే పట్టక తప్పదనుకుంటే, లోను కంటే ముందు ఆ తలుపు తట్టు.

ఇక అసలు ప్రశ్న. ఆ పేరుతో ఫెలోషిప్ కనపడలేదన్నావు. కనపడదు. కలుషిత భూముల శుద్ధి అనే పేరుతో మన దేశంలో విద్యార్థికి విడిగా సొమ్ము పెట్టే అలవాటు లేదు. సొమ్ము రసాయన శాస్త్రం పేరు మీద, భూగర్భ శాస్త్రం పేరు మీద, సివిల్ ఇంజినీరింగ్, మైక్రోబయాలజీ పేర్ల మీద ఉంటుంది. ఆ గుమ్మాల్లోంచి లోపలికి వెళ్లాక శుద్ధి పని చేసుకోవాలి. కాబట్టి నీ కోర్సు పేరుతో వెతకడం ఆపి, ఏ పరీక్ష రాస్తే ఏ గుమ్మం తెరుచుకుంటుందో చూడు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. సైన్సు సబ్జెక్టులకు జరిగే జాతీయ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌లో పర్యావరణ శాస్త్రం పేపరు లేదు. అందులో ఉన్నవి అయిదే: రసాయన, భౌతిక, గణిత, జీవ శాస్త్రాలు, భూమి–వాతావరణం–సముద్రాలకు కలిపి మరొకటి. పర్యావరణ శాస్త్రం యూజీసీ నెట్‌లో ఉంది, సబ్జెక్టు కోడ్ 89. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటద్దె అదనం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, ఆడవాళ్లకు మరో అయిదేళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ మార్కు అందకపోయినా 2024 జూన్ విడత నుంచి అదే స్కోరును పీహెచ్‌డీ ప్రవేశానికి లెక్కలోకి తీసుకుంటున్నారు, కాబట్టి రాసిన పరీక్ష వృథా పోదు. మీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో మొదటి ర్యాంకు నీదే అయితే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వాళ్ల ఇన్‌స్పైర్ ఫెలోషిప్ కూడా చూడు.

ఇంజినీరింగ్ పీజీ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్ర, ఇంజినీరింగ్ పేపరు 2021లో కొత్తగా పెట్టారు. ఆ సిలబస్‌ను ఒకసారి తిరగేయమని నీకు ప్రత్యేకంగా చెబుతున్నా. పరీక్ష రాయకపోయినా సరే. నీటి శుద్ధి ఇంజినీరింగ్, భూగర్భ జల ప్రవాహం, ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ అన్నీ అందులో ఉన్నాయి. మన ఎమ్మెస్సీల్లో బలహీనంగా ఉండేది సరిగ్గా ఇక్కడే. కాలుష్యం ఎంతుందో కొలవడం నేర్పుతాం, దాన్ని తీసేయడానికి ఎంత నీరు ఎన్నేళ్లు తోడాలో లెక్క కట్టడం నేర్పం.

నీ ఊరి సంగతే తీసుకో, ఆ లెక్క ఎందుకో తెలుస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ 1970ల నుంచి పరిశ్రమలు వచ్చాయి. వాటి నీళ్లు కుంటల్లోకి, వాగుల్లోకి, నక్కవాగు మీదుగా మంజీరలోకి పారాయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటి వాళ్లు రోగుల్ని చూస్తూనే దీనిమీద కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు తర్వాత హైకోర్టుకు, ఆ పైన హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. మధ్యలో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన పత్రం అచ్చేసింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాల్ని శుద్ధి చేసే ఆ కేంద్రం నుంచి బయటకు వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఇంట్లో పెట్టుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌తో లెక్కేసుకో: 620 మిల్లీగ్రాములు. డాక్టర్ రాసిచ్చే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసి కలిపినదానికంటే ఎక్కువ. అదీ శుద్ధి అయ్యాక వచ్చిన నీళ్లు! రోజుకు 45 కిలోల మందు వాగు పాలవుతోందని, అది స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేదానికి సమానమని వాళ్ల లెక్క.

ఆ పత్రం ప్రపంచమంతా తిరిగింది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ సభ జరిగినా పటాన్‌చెరు పేరు వినిపించింది. మన కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. అంత పేరున్న పరిశోధన కూడా చట్టం గడప దాకా వచ్చి ఆగిపోయింది. నిన్ను నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు, పీహెచ్‌డీ ఒక్కటే వాగును బాగుచేస్తుందని అనుకుని బయల్దేరొద్దని చెబుతున్నా.

మీ నేల కింద ఉన్నది రాయి. పైన కాస్త మట్టి, దాని కింద శిథిలమైన గ్రానైటు, ఆ కింద పగుళ్లు. విషం ఆ పగుళ్లలోకి దిగి, రాతి సందుల్లో ఇంకుతుంది. పైన నీళ్లు తోడి శుద్ధి చేస్తున్నంత సేపు బోరు బాగుపడినట్టే కనిపిస్తుంది, పంపు ఆపితే సందుల్లోంచి మెల్లమెల్లగా మళ్లీ ఊరుతుంది. ఇసుక నేలల కోసం రాసిన పాఠాలు ఇక్కడ అతకవు. మీ ప్రాంతంలో భూగర్భ జలాల మీద పనిచేసిన సంస్థ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ. రాతి నేలల నీటి ప్రవాహం తెలిసినవాళ్లు అక్కడున్నారు. కాబట్టి నన్నడిగితే నీకు రెండు దారులు. మందుల అవశేషాలు వాగులోకి రాకముందే గేటు దగ్గర ఆపే శుద్ధి ప్రక్రియలు ఒకటి. దానికి తార్నాకలోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి, హైదరాబాద్‌లోనే ఉన్న నీరి జోనల్ కేంద్రం. ఇప్పటికే కిందికి దిగిపోయిన విషం ఎటు కదులుతోందో, ఎలా ఆపాలో చూసేది రెండోది. దానికి ఎన్‌జీఆర్‌ఐ లేదా ఐఐటీల సివిల్ విభాగాలు. ఐఐటీ హైదరాబాద్ మీ జిల్లాలోనే, కందిలో ఉంది. వాగును చివర్లో శుభ్రం చేయడం కంటే గేటు దగ్గర ఆపడమే చవక, అందుకే నా ఓటు మొదటి దారికి. నీకు బోర్ల మీద మమకారం ఉంటే రెండోదే పట్టుకో, కాదనను.

శిక్షణ అన్నావు కాబట్టి ఒక మాట. శుద్ధి పని నిలబడేదీ కూలేదీ డాక్టరేట్ల చేతుల్లో తక్కువ, రోజూ వాల్వు తిప్పేవాళ్ల చేతుల్లో ఎక్కువ. ఫ్లోరైడ్ తీసేసే నల్లగొండ పద్ధతి పేరు వినే ఉంటావు. 1970ల్లో నీరి వాళ్లు రూపొందించారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేటపడ్డాక వడగట్టడమే. బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య పుస్తకాల్లో మన జిల్లా పేరు అలా ఎక్కింది. పటిక ఎంత వేయాలన్నది మాత్రం ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్నిబట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, అడుగున చేరిన బురద ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి. ఊళ్లో ఆ మోతాదు చూసి వేసే మనిషి నిలకడగా ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. చివరికి నల్లగొండకు ఊరట కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే దొరికింది.

అందుకే పొట్టి కోర్సుల్ని చిన్నచూపు చూడకు. గచ్చిబౌలిలో ఈపీటీఆర్‌ఐ ఉంది, 1992లో స్వీడన్ సహకారంతో పెట్టిన శిక్షణ, పరిశోధన సంస్థ. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో మొదలుపెట్టిన హరిత నైపుణ్యాల కార్యక్రమం కింద వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్లు నడపడం, నీటి, గాలి కాలుష్య పరీక్షల్లాంటి కోర్సులు వచ్చాయి. భూగర్భ జలాల సంగతులకు రాయ్‌పూర్‌లో కేంద్ర భూగర్భ జల మండలి వాళ్ల రాజీవ్ గాంధీ శిక్షణ సంస్థ ఉంది. వీటిలో ఏదీ నీ జీవితాన్ని మార్చేయదు. ఒక ప్లాంటులో వారం రోజులు నిలబడి చూసినదానివని గైడ్‌కు చెప్పగలిగితే, ఇంటర్వ్యూలో మిగతావాళ్ల కంటే నువ్వు ఒక మెట్టు పైన ఉంటావు.

ఇప్పుడు సూపర్‌ఫండ్. న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా దగ్గర లవ్ కెనాల్ అనే కాలనీ. ఒక రసాయనాల కంపెనీ పాత కాలువలో వేల టన్నుల వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చింది. మీద స్కూలు కట్టారు, చుట్టూ ఇళ్లు వచ్చాయి. 1978లో అక్కడి తల్లుల గొడవ దేశాన్ని కుదిపింది. 1980లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, రసాయనాల మీద, చమురు మీద పన్ను వేసి శుద్ధికి నిధి పెట్టింది. అదే సూపర్‌ఫండ్. ఆ పన్ను 1995లో గడువు తీరి ఆగిపోయింది. రసాయనాల మీద 2021 చట్టంతో, చమురు మీద 2022 చట్టంతో మళ్లీ వచ్చింది. అంత నిధి, అంత చట్టం ఉండి కూడా లవ్ కెనాల్‌ను శుద్ధి జాబితాలోంచి తీసేసింది 2004లో. జాబితాలో చేర్చిన 21 ఏళ్లకు.

నీకు కావాల్సింది 1986 సవరణ. శుద్ధికి కేటాయించిన సొమ్ములో కొంత పరిశోధనకు, కొంత శిక్షణకు పెట్టాలని అందులో రాశారు. దాన్ని నడిపేది అక్కడి జాతీయ పర్యావరణ ఆరోగ్య విజ్ఞాన సంస్థ, ఎన్‌ఐఈహెచ్‌ఎస్. ఆ పరిశోధన కార్యక్రమం కింద విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలో విషం మనిషికి ఏం చేస్తుందో చూసే డాక్టర్లు, దాన్ని నేలలోంచి తీసే ఇంజినీర్లు కలిసి పనిచేయాలి. విద్యార్థులకు శిక్షణ ఇచ్చే విభాగం, చుట్టుపక్కల జనంతో పనిచేసే విభాగం విడివిడిగా ఉండి తీరాలి. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే సొమ్ముతో బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ బావుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఏ బావి నీళ్లు తాగొచ్చో ఏది తాగకూడదో ఇంటింటికీ చెప్పి, జనాన్ని మంచి బావి వైపు మళ్లించడం ఆ పనిలో భాగం. అరిజోనాలో గనుల మట్టి దిబ్బల మీద మొక్కలు నాటి దుమ్ము లేవకుండా చూసే పని చేశారు.

అయితే దూరపు కొండలు నునుపు. మూడు సంగతులు గుర్తుపెట్టుకో. శిక్షణ ఫెలోషిప్ పేరుతో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఇచ్చేవి చాలావరకు అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. నీకు వచ్చేది ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచి ఇచ్చే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్. సొమ్ము అదే పెట్టెలోంచి వచ్చినా దారి వేరు. మెయిల్‌లో ఫెలోషిప్ కావాలని అడిగితే మర్యాదగా లేదంటారు, ప్రాజెక్టులో అసిస్టెంట్‌గా చోటుందా అని అడుగు. రెండోది, ఈ కేంద్రాలకు గ్రాంటు అయిదేళ్లకోసారి వస్తుంది, కొనసాగుతుందన్న హామీ లేదు. అక్కడి ఆరోగ్య పరిశోధన గ్రాంట్ల వివరాలుండే ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైటు అందరికీ తెరిచి ఉంటుంది. ప్రొఫెసర్ పేరు కొడితే ఆ గ్రాంటు ఏ తేదీతో ముగుస్తుందో కనిపిస్తుంది. ఇంకో ఏడాదే మిగిలి ఉంటే, ఆ తర్వాత నాకు జీతం ఎక్కడి నుంచి అని మొహమాటపడకుండా అడుగు. 2025లో అక్కడ పరిశోధన గ్రాంట్లు మధ్యలోనే రద్దయిన ఉదంతాలు చాలా ఉన్నాయి, ఇప్పుడు ఆ ప్రశ్నను ఎవరూ తప్పుగా అనుకోరు. మూడోది, నీకు సూపర్‌ఫండ్ కేంద్రమే కావాలని లేదు. ఇంటి పక్కన పనికొచ్చే గైడ్ ఉండగా పేరు కోసం సముద్రం దాటకు.

సూపర్‌ఫండ్ శిక్షణలో నాకు బాగా నచ్చింది పీహెచ్‌డీల కోసం పెట్టినది కాదు. కలుషిత స్థలాల్లో దిగి పనిచేసే కూలీలకు అక్కడ చట్టప్రకారం 40 గంటల శిక్షణ ఉండాలి, ఆ పైన మూడు రోజులు పర్యవేక్షణలో పని, ఏటా 8 గంటల రిఫ్రెషర్. దానికీ ఇదే నిధి నుంచి సొమ్ము వెళ్తుంది. 1995 నుంచి మరో పద్ధతి కూడా నడిచింది. కాలుష్యం పక్కన బతుకుతున్న పేటల్లో పని లేని కుర్రాళ్లను పిలిచి, సీసం పెయింటు గీకడం, ఆస్బెస్టాస్ తీయడం, ప్రమాదకర వ్యర్థాలు ఎత్తడం నేర్పి, ఆ పనుల్లోనే పెడతారు. ఎవరి ఊరు పాడైందో బాగుచేసే కూలి వాళ్లకే దక్కాలన్న ఆలోచన. మన దగ్గర ఇలాంటిది పెట్టాలని అడిగేవాళ్లు లేరు.

భద్రత మాటొచ్చింది కాబట్టి ఒక కథ చెబుతా, వినే ఉంటే మళ్లీ విను. డార్ట్‌మత్ కాలేజీలో క్యారెన్ వెటర్‌హాన్ అని రసాయన శాస్త్ర ప్రొఫెసర్. విష లోహాల మీద అక్కడి సూపర్‌ఫండ్ పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టింది ఆవిడే. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే విషపూరిత పాదరస ద్రవంతో పనిచేస్తుంటే ఒకటి రెండు చుక్కలు గ్లవ్ మీద పడ్డాయి. అప్పటి నియమాల ప్రకారం ఆమె అన్నీ సరిగ్గానే చేసింది: ఆవిర్లను బయటకు లాగేసే హుడ్ కింద పని, చేతులకు లేటెక్స్ గ్లవ్స్. ఆ పాదరసం లేటెక్స్‌లోంచి క్షణాల్లో దిగిపోతుందని అప్పటికి ఎవరూ పరీక్షించి చూడలేదు. నెలల తర్వాత నడక తడబడింది, మాట తడబడింది. 1997 జూన్‌లో చనిపోయింది, వయసు 48. ఇప్పుడు ఆమె పేరు మీదే ఏటా ఒక యువ పరిశోధకుడికి అవార్డు ఇస్తున్నారు. నువ్వు పనిచేసే ల్యాబులో గ్లవ్స్ ఎలాంటివో నాకు తెలీదు. ఏ రసాయనానికి ఏ గ్లవ్ ఆగుతుందో తయారీదారు పట్టిక ఉంటుంది, అది తెప్పించి గోడకు అతికించు. ఆర్డరు పెట్టేవాళ్లు చిరాకు పడితే పడనీ.

యూరప్ గురించి రెండు ముక్కలు. యూరోపియన్ యూనియన్ సొమ్ముతో మేరీ క్యూరీ పేరిట నడిచే పీహెచ్‌డీ కార్యక్రమాల్లో, అంటే డాక్టోరల్ నెట్‌వర్కుల్లో, దేశం పట్టింపు లేదు. డాక్టరేట్ ఉండకూడదు, చేరబోయే దేశంలో గడిచిన 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. విద్యార్థిగా కాకుండా ఉద్యోగిగా కాంట్రాక్టు రాసిస్తారు, జీతం గౌరవంగా ఉంటుంది. కలుషిత నేల, భూగర్భ జలాల మీద ప్రకటనలు యూరాక్సెస్ సైట్లో వస్తుంటాయి. పరీక్షలు, ఏజెంట్లు అక్కర్లేదు. నేనైతే అమెరికా కంటే ముందు ఇటు చూస్తా. ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో కలుషిత స్థలాల మీద పెద్ద బృందం ఉంది. రవి నాయుడు అక్కడ ఈ రంగానికి పెద్ద దిక్కు.

చదువుకు సొమ్ము ఒకటి, శుద్ధికి సొమ్ము ఇంకొకటి. చదివి వచ్చాక పని ఉండాలి కదా, అది రెండోదాని మీదే ఆధారపడుతుంది. 2010లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కేంద్రం పరిశ్రమల కాలుష్యం మీద ఒక ప్రాజెక్టు పెట్టింది. దాని పేరులోనే సామర్థ్యం పెంచడం అన్న మాట ఉంది. పశ్చిమ బెంగాల్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానికి ఎంపికయ్యాయి. మన వైపు తీసుకున్న స్థలాలు హైదరాబాద్ కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడప పాత చెత్త దిబ్బ. కాలుష్య నియంత్రణ మండళ్ల సిబ్బందికి స్థలాన్ని ఎలా పరీక్షించాలి, ఎలా శుద్ధి చేయించాలి అన్నది నేర్పడం ఆ ప్రాజెక్టులో పెద్ద భాగం. నక్కవాగు ఆ జాబితాలో లేదు.

ఆ తర్వాత చాలాకాలానికి, 2025 జులైలో, కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం నిబంధనలు నోటిఫై చేసింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి రాష్ట్ర మండలికి పంపాలి. మండలి పరీక్ష చేయించాలి, నిపుణుల సంస్థ శుద్ధి ప్రణాళిక వేయాలి, పాడుచేసినవాడే ఖర్చు పెట్టుకోవాలి. అణు వ్యర్థాలు, గనుల తవ్వకం, సముద్రంలో చమురు ఒలకడం, ఊరి చెత్త దిబ్బలు దీని కిందికి రావు. కాగితం మీద బాగుంది. అమలుకు పరీక్ష చేసేవాళ్లు, ప్రణాళిక వేసేవాళ్లు కావాలి, అంత మంది మన దగ్గర లేరు. నువ్వు పీహెచ్‌డీ ముగించి బయటకు వచ్చేసరికి ఆ కొరత తీరుతుందని నేననుకోను. ఉద్యోగం దొరుకుతుందా అన్న భయం నీకవసరం లేదు.

చివరిగా ఆ సీసాల వాళ్ల సంగతి. నీళ్లు పట్టుకుపోవడంలో తప్పు లేదు, ఫలితం తిరిగి తేకపోవడమే తప్పు. ఎవరూ ఊరి మీద కోపంతో అలా చేయరు. గ్రాంటులో ఆ పనికి పైసా ఉండదు, గైడ్ అడగడు, పత్రం అచ్చయితే చాలు. ఊరి పేరు చెప్పుకుని డాక్టరేట్లు వచ్చాక ఆ ఊరు ఎవరికి గుర్తుంటుంది? నువ్వు ఆ తప్పు చేయకూడదంటే మంచి మనసు ఒక్కటే సరిపోదు, ఏర్పాటు చేసుకోవాలి. ప్రతిపాదన రాసేటప్పుడే బోరు యజమానికి తెలుగులో ఒక పేజీ ఫలితం ఇవ్వడానికి ఖర్చు పద్దు వేసుకో. నైట్రేటు ఎంత, లవణాలు ఎంత, తాగొచ్చా, పశువులకు పెట్టొచ్చా, పొలానికి కట్టొచ్చా. ఇవి అయిదు మాటలు. యాంటీబయాటిక్‌ల సంగతి అర్థమయ్యేలా చెప్పడం కష్టం, అది కూర్చుని మాట్లాడాలి. చెడ్డ ఫలితం వస్తే చెప్పేముందు మంచి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకుని వెళ్లు.

పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు కూడా. ఇన్నేళ్లలో మీ ఊరి నీళ్ల మీద కాలుష్య నియంత్రణ మండలి చేయించిన పరీక్షల ఫలితాలన్నీ ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. వచ్చిన కాగితాల్ని ఏడాది వారీగా ఒక పట్టికలో పెట్టు. తర్వాత మీ నాన్న బోరుతో మొదలుపెట్టి నువ్వే శాంపిళ్లు పట్టు, ల్యాబులో నేర్చుకున్నట్టే. మోటారు వేయగానే వచ్చిన నీళ్లు వదిలేయ్, పీహెచ్, విద్యుత్ వాహకత అంకెలు నిలకడపడేదాకా పారనీ. లోహాలకు పట్టేది అక్కడికక్కడే వడగట్టి, నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ రెండుకు దించు. మిగతావి ఐసు పెట్టెలో. సీసా మీద తేదీ, వేళ, బోరు లోతు, ఎవరు పట్టారో రాయి. పరీక్ష ఎక్కడ చేయించినా ఆ ల్యాబు రసీదు దాచు. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి.

ఆ పట్టిక నీ దగ్గరుంటే ఏ గైడ్‌కు రాసినా నీ మెయిల్ చెత్తబుట్టలోకి పోదు. ఇప్పుడు వాళ్లకు రోజూ వచ్చే మెయిళ్లన్నీ ఒకేలా ఉంటాయి: డియర్ సర్, మీ పరిశోధన నన్ను ఎంతో ప్రేరేపించింది. నువ్వు అలా మొదలుపెట్టకు. మొదటి పేరాలో మీ ఊరు, వాగు, పట్టికలో నీకు అంతుబట్టని ఒక్క అంకె. రెండో పేరాలో నీకు చేతనైన పరీక్షలేంటో, ఏ పరికరం మీద చేశావో. పట్టికను జతచేయి. రెండు పేరాలు చాలు, ఇంగ్లీషు సాదాగా ఉన్నా ఫర్వాలేదు. మొదటి మెయిల్ రాశాక పంపేముందు కావాలంటే నాకు చూపించు.